గోరు మూలలు గుండ్రంగా తీయకండి

3 నెలల్లో మూడోసారి బొటనవేలి గోరు చర్మంలోకి దిగిందని, ప్రతిసారీ మూల కత్తిరించి తాత్కాలికంగా గట్టెక్కుతున్నానని రాశారు. చిక్కంతా ఆ కత్తిరింపులోనే ఉందండి. లోతుగా తీసినప్పుడు మూలలో ముల్లులాంటి ముక్క మిగిలిపోతుంది. గోరు పెరిగేకొద్దీ అదే కండలోకి గుచ్చుకుంటుంది. నేనూ రెండేళ్లు ఇదే పొరపాటు చేశాను. పైగా ముందుభాగం ఇరుకైన ఆఫీసు బూట్లు, గోరుచుట్టు మీద రోకలిపోటే!

రోజుకు మూడు నాలుగు సార్లు గోరువెచ్చని ఉప్పునీటిలో పావుగంట పాదం ఉంచి, పొడిగా తుడవండి. ఇకపై గోరును అడ్డంగా, తిన్నగా, మరీ పొట్టిగా కాకుండా కత్తిరించండి. వేళ్లు కదిలేంత వెడల్పున్న చెప్పులు వేసుకోండి. నిమ్మకాయ తొడగడం మా అమ్మమ్మ వైద్యం. పుండు మీద మంట తప్ప నాకేమీ దక్కలేదు.

చీము పట్టినా, ఎరుపు పాకినా డాక్టరుకు చూపించకుండా ఆగవద్దు. మధుమేహం ఉంటే ఇంటి వైద్యమే వద్దు, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇన్నిసార్లు తిరగబెట్టింది కాబట్టి సర్జన్‌ను ఒక మాట అడగండి. వేలికి మత్తు సూది ఇచ్చి, గోరు అంచు మాత్రమే తీసి, దాని మొదలు దగ్గర ఫినాల్ అనే రసాయనం పూస్తారు. ఆ అంచు మళ్లీ పెరగడం అరుదు. నాకు అరగంటలో అయిపోయింది, నొప్పల్లా ఆ సూదిదే.