మారిషస్‌లో ఎవరెంత మంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో మారిషస్ దేశం మీద ఒక చిన్న పరిచయం వేశాం. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బీచ్‌ల గురించి కాదు, అక్కడి మనుషుల గురించి. ఎవరెంత మంది ఉన్నారు, ఎక్కడినుంచి వచ్చారు, మనవాళ్ళు ఎంతమంది అని అడిగారు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: భారత సంతతి 68 శాతం, క్రియోల్‌లు (ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల వారసులు) 27, చైనా సంతతి 3, ఫ్రెంచ్ సంతతి 2 అని ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఉంది. ఇది ఏ సంవత్సరం జనాభా లెక్క?

ఇటీవలి ఏ జనాభా లెక్కదీ కాదు. మారిషస్‌లో మనిషి ఏ జాతివాడో, ఏ కమ్యూనిటీవాడో చివరిసారి అడిగింది 1972లో. 1983 లెక్కల నుంచి ఆ ప్రశ్నే తీసేశారు. మీరు చూసిన అంకెలు పాత లెక్క మీద ఆధారపడిన అంచనాలు, ఒక సైటు నుంచి ఇంకో సైటుకి ఎక్కుతూ వస్తున్నాయి.

ఇప్పుడు జనాభా లెక్కల్లో అడిగేది మతం, ఇంట్లో మాట్లాడే భాష, పూర్వీకుల భాష. 2011 లెక్క ప్రకారం హిందువులు సుమారు 48.5 శాతం, రోమన్ కాథలిక్కులు 26 శాతం, ముస్లింలు 17 శాతం, ఇతర క్రైస్తవులు 6 శాతం. మొత్తం జనాభా 12 లక్షల పైచిలుకు, 2022లో మళ్ళీ లెక్కపెట్టినా దాదాపు అంతే వచ్చింది. ఆ దేశంలోదే అయిన రోడ్రిగ్స్ అనే చిన్న దీవితో సహా 2,040 చదరపు కిలోమీటర్ల నేల మీద ఇంతమంది అంటే చదరపు కిలోమీటరుకి 600 దాటుతుంది, ఆఫ్రికాలో ఇంత ఒత్తుగా జనం ఉన్న దేశం ఇంకోటి లేదు.

ప్రశ్న: ఆఫ్రికా దీవి కదా, అక్కడి అసలు జనం ఏమయ్యారు? భారతీయులు ఎక్కువమంది ఎలా అయ్యారు?

అసలు జనం అంటూ ఎవరూ లేరు. 1638లో డచ్చివాళ్ళు వచ్చి స్థిరపడేదాకా అది మనుషులు లేని దీవి. వాళ్ళు 1710లో వదిలేసి పోయారు, 1715లో ఫ్రెంచివాళ్ళు ఆక్రమించారు, 1810లో బ్రిటిష్‌వాళ్ళు గెలుచుకున్నారు. గెలుచుకున్నా ఫ్రెంచి భూస్వాముల ఆస్తులు, చట్టాలు, భాష అలాగే ఉండనిస్తామని ఒప్పుకున్నారు, అందుకే నేటికీ ఆ దేశంలో పార్లమెంటు ఇంగ్లిష్‌లో నడుస్తుంది, పత్రికలు ఫ్రెంచిలో వస్తాయి.

ఫ్రెంచివాళ్ళ కాలంలో మడగాస్కర్ నుంచి, మొజాంబిక్ నుంచి, తూర్పు ఆఫ్రికా తీరం నుంచి బానిసల్ని తెచ్చారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయ్యే నాటికి వాళ్ళు 60 వేల పైనే ఉన్నారు. రద్దు చేసినప్పుడు బ్రిటన్ 20 లక్షల పౌండ్ల పైన నష్టపరిహారం ఇచ్చింది, ఎవరికి అంటే యజమానులకి. విడుదలైనవాళ్ళకి ఒక్క పెన్నీ ఇవ్వలేదు, పైగా అప్రెంటిస్‌షిప్ పేరుతో 1839 దాకా పాత యజమానుల దగ్గరే పని చేయించారు. ఆ తర్వాత వాళ్ళు తోటలు వదిలి తీరంలోకీ పట్నాల్లోకీ వెళ్ళిపోయారు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే ఇవాళ ఆ దేశంలో ఎవరి చేతిలో భూమి ఉంది, ఎవరి చేతిలో లేదు అన్నది చాలావరకు అర్థమవుతుంది.

చెరకు తోటలకి మనుషులు కావాలి కాబట్టి భారత దేశం నుంచి ఒప్పంద కూలీలని తేవడం మొదలుపెట్టారు. 1834 నవంబరు 2న కలకత్తా నుంచి వచ్చిన 36 మందితో అది మొదలైంది. ఆ తర్వాత 20వ శతాబ్దం మొదటిదాకా నాలుగున్నర లక్షల మంది పైగా వచ్చారు. అత్యధికులు బీహార్, దాని చుట్టుపక్కల భోజ్‌పురి జిల్లాలవాళ్ళు, మద్రాసు రేవు మీదుగా తమిళులు, తెలుగువాళ్ళు, బొంబాయి మీదుగా మరాఠీలు. వాళ్ళు దిగిన చోటు పోర్ట్ లూయిస్‌లో ఉన్న ఆప్రవాసీ ఘాట్, 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1861 కల్లా దీవి జనాభాలో మూడింట రెండొంతులకి దగ్గరగా భారతీయులే. పాతికేళ్ళు దాటేసరికి ఒక దేశం జనం రూపం పూర్తిగా మారిపోయింది, అదీ అక్కడి జనాన్ని ఎవరూ అడక్కుండా, వచ్చినవాళ్ళకి కూడా సరిగ్గా చెప్పకుండా. ముస్లింలలో ఎక్కువమంది కూడా ఈ కూలీల సంతతే, కొద్దిమంది గుజరాత్ నుంచి వ్యాపారానికి వచ్చిన కుటుంబాలు.

ప్రశ్న: జాతి అడగడం మానేయడం మంచి పనే కదా? మనం కూడా నేర్చుకోవాల్సిందే.

పూర్తిగా మానేసి ఉంటే మీ మాటకి నేను కూడా సరే అనేవాణ్ణి. కానీ అడగడం మానేసింది జనాభా లెక్కలవాళ్ళే, రాజ్యాంగం మానలేదు.

అక్కడి పార్లమెంటులో జనం ఓట్లతో ఎన్నికయ్యేవాళ్ళు 62 మంది: ప్రధాన దీవిలో 20 నియోజకవర్గాలకి ముగ్గురేసి, రోడ్రిగ్స్ నుంచి ఇద్దరు. వీళ్ళు కాక ఇంకో 8 సీట్లు దాకా ఉంటాయి, వాటిని ఓడిపోయిన అభ్యర్థుల్లో మెరుగైన ఓట్లు వచ్చినవాళ్ళకి ఇస్తారు, అందుకే బెస్ట్ లూజర్ పద్ధతి అంటారు. ఎవరికివ్వాలి అన్నది ఏ కమ్యూనిటీకి జనాభాకి తగ్గ సీట్లు రాలేదో చూసి లెక్కగడతారు. స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో చిన్న వర్గాలకి హిందూ మెజారిటీ కింద నలిగిపోతామనే భయం నిజంగా ఉండేది. 1967 ఎన్నికల్లో 44 శాతం ఓట్లు స్వాతంత్ర్యం వద్దన్న పార్టీకి పడ్డాయి, 1968 జనవరిలో పోర్ట్ లూయిస్‌లో క్రియోల్‌లకీ ముస్లింలకీ మధ్య అల్లర్లు జరిగి బ్రిటిష్ సైన్యం దిగాల్సి వచ్చింది. ఆ పరిస్థితిలో ఈ ఏర్పాటు చాలామందికి ధైర్యం ఇచ్చింది, ఆ మేలు కాదనలేం.

చిక్కు ఏంటంటే జనాభాకి తగ్గ సీట్లు అని లెక్కగట్టడానికి వాడేది ఇప్పటికీ 1972 అంకెలే. యాభై ఏళ్ళు దాటిన అంకెలు! అప్పటికి పుట్టనివాళ్ళ సంఖ్యే ఇవాళ దేశంలో ఎక్కువ. అభ్యర్థి నామినేషన్‌లో తన కమ్యూనిటీ రాయకపోతే కాగితం చెల్లదు. 2012లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీ, కొత్త లెక్కలు లేకుండా కమ్యూనిటీ చెప్పమని బలవంతపెట్టడం తప్పు అంది. 2014 ఎన్నికలకి మాత్రం రాయకపోయినా ఫర్వాలేదని ఒక తాత్కాలిక చట్టం చేశారు, 2019కి మళ్ళీ పాత రూలే. లెక్కపెట్టం అంటూనే పాత లెక్క ప్రకారం సీట్లు పంచడం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం. కొత్తగా లెక్కపెట్టాలి, లేదా ఆ పంపకాన్ని వదిలి ఇంకో దారి వెతకాలి.

ప్రశ్న: రాజ్యాంగంలో క్రియోల్‌ల వాటా ఎంత?

వాళ్ళ పేరే అందులో లేదు. రాజ్యాంగం చెప్పే కమ్యూనిటీలు నాలుగు: హిందూ, ముస్లిం, చైనా సంతతి, జనరల్ పాపులేషన్. ఈ నాలుగోది ఏమిటంటే, జీవన విధానం బట్టి మొదటి మూడింటిలో ఎందులోనూ చేరనివాళ్ళందరూ. 1972లో ఇందులో తేలినవాళ్ళు సుమారు 29 శాతం. బానిసల వారసులైన క్రియోల్‌లూ, ఒకప్పుడు ఆ బానిసల యజమానులైన ఫ్రెంచి కుటుంబాల వారసులూ ఒకే గడిలో! దేశంలో పెద్ద చక్కెర ఎస్టేట్లు ఉన్న కుటుంబాలూ, సొంతిల్లు లేని జాలరి కుటుంబాలూ ఒకే లెక్కలోకి వస్తే ఆ లెక్క చూసి పేదరికం ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది?

1990లలో ఒక క్రియోల్ మతగురువు ఈ బాధని బయటికి చెప్పాక అక్కడి చర్చల్లో 'మలేజ్ క్రియోల్' అనే మాట స్థిరపడింది, చదువుల్లో, ప్రభుత్వ ఉద్యోగాల్లో తమవాళ్ళు వెనకబడిపోయారన్న ఆవేదన అది. 1999 ఫిబ్రవరిలో కాయా అనే క్రియోల్ గాయకుడు పోలీసు కస్టడీలో చనిపోతే దేశమంతా కొన్ని రోజులు అట్టుడికిపోయింది. తర్వాత 2009లో బానిసత్వం, ఒప్పంద కూలీ వ్యవస్థల ఫలితాల్ని విచారించడానికి ట్రూత్ అండ్ జస్టిస్ కమిషన్ వేశారు, 2011లో నివేదిక ఇచ్చింది. క్రియోల్ కుటుంబాలు పోగొట్టుకున్న భూముల సంగతి అందులో వివరంగా ఉంది. మారిషస్‌లో మనవాళ్ళు ఎంత ఎదిగారో అని సంతోషపడే ప్రతిసారీ ఇది కూడా చదవాలని నా కోరిక.

ప్రశ్న: తెలుగువాళ్ళు ఎంతమంది? ఇంట్లో తెలుగు మాట్లాడతారా?

తెలుగు మూలాలు చెప్పుకునేవాళ్ళు జనాభాలో చిన్న భాగమే, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు అందులోనూ బహు కొద్దిమంది. ఇది తెలుగుకి మాత్రమే జరగలేదు. 2000లో ఇళ్ళలో భోజ్‌పురి మాట్లాడేవాళ్ళు 12 శాతం, 2011 కల్లా 5 శాతం చిల్లర. అదే సమయంలో ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాష (జాతి పేరూ భాష పేరూ ఒకటే) 80 నుంచి 86 శాతానికి పెరిగింది. పిల్లలు ఆడుకునేదీ, పెద్దలు బేరమాడేదీ, ప్రేమించుకునేదీ, తిట్టుకునేదీ అందరూ క్రియోల్‌లోనే. ఇంతమంది మాట్లాడే భాష ప్రాథమిక బడుల్లో ఐచ్ఛిక పాఠంగా వచ్చింది 2012లో!

విచిత్రమైన సంగతి ఒకటి ఉంది. జనాభా లెక్కల్లో మతం అనే చోట 'తెలుగు' అని, 'తమిళం' అని, 'మరాఠీ' అని రాసేవాళ్ళు వేలల్లో ఉంటారు. హిందూ అని రాస్తే ఉత్తరాది భోజ్‌పురి వర్గంలో కలిపేస్తారని, తమ గుడి, తమ పండగ, తమ సంఘం వేరని చెప్పడం వాళ్ళ ఉద్దేశం. ఇక్కడినుంచి చూసి నవ్వేవాళ్ళుంటారు గానీ, నూట యాభై ఏళ్ళు దాటినా తెలుగు అనే మాటని వదలకపోవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. ఆంధ్ర మహాసభ అక్కడ 1940ల నుంచి ఉంది, బడుల్లో తెలుగు నేర్పుతారు, ఉగాది జాతీయ సెలవు దినం, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే.

ప్రశ్న: ఇన్ని వర్గాలున్నా గొడవల్లేకుండా ఎలా ఉంటున్నారు?

అస్సలు లేకుండా అంటే నిజం కాదు, పైన రెండు చెప్పాను. కానీ ప్రతి వర్గానికీ ఏదో ఒక చోట గుర్తింపు కనపడేలా జాగ్రత్తపడతారు. కరెన్సీ నోట్లే చూడండి: 25 రూపాయల నోటు మీద చైనా సంతతి నాయకుడు ఆ-చుయెన్, 100 మీద తమిళ సంతతి శీనివాసన్, 200 మీద ముస్లిం నాయకుడు అబ్దుల్ రజాక్ మొహమ్మద్, 1000 మీద క్రియోల్ నాయకుడు గేతాన్ దువాల్, 2000 మీద మొదటి ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్. ఆ నోట్ల మీదే 1998లో పెద్ద రభస అయింది, అంతకుముందు ఇంగ్లిష్ తర్వాత ఉండే తమిళ అక్షరాల్ని హిందీ కిందికి దించారని తమిళులు ఆందోళన చేస్తే నోట్లు వెనక్కి తీసుకుని మళ్ళీ అచ్చేశారు. ఎదుటివాళ్ళ పట్టింపుని చిన్నదని కొట్టిపారేయకపోవడం వల్లే అక్కడ చాలా గొడవలు రోడ్డు దాకా రావని నేననుకుంటాను.

ప్రశ్న: మారిషస్ జనాభా తగ్గుతోందని విన్నాను. నిజమా?

నిజమే, ఎవరెంత శాతం అన్నదానికంటే ఆ దేశం టెన్షన్ పడాల్సింది దీని గురించే. ఒకప్పుడు కథ పూర్తిగా తిరగబడి ఉండేది. 1949లో డీడీటీ చల్లి మలేరియాని అణిచేశాక మరణాలు ఒక్కసారిగా పడిపోయి జనాభా దూసుకుపోయింది, 1961లో జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త (తర్వాత నోబెల్ కూడా వచ్చింది) ఈ చిన్న దీవికి భవిష్యత్తు కష్టమేనని నివేదిక రాశాడు. అప్పుడు ఒక్కో స్త్రీకి సగటున ఆరుగురు పిల్లలు. పదేళ్ళు దాటేసరికి అది దాదాపు సగానికి వచ్చింది. ఒక పక్క కుటుంబ నియంత్రణ సంఘం, ఇంకో పక్క సహజ పద్ధతులు మాత్రమే ఒప్పుకునే కాథలిక్ సంస్థ, ప్రభుత్వం రెండింటికీ డబ్బిచ్చింది, ఎవరి నమ్మకం ప్రకారం వాళ్ళు పాటించారు. ఆడపిల్లల చదువు పెరిగింది, తర్వాత బట్టల ఫ్యాక్టరీల్లో వేలమంది ఆడవాళ్ళకి ఉద్యోగాలొచ్చాయి. బలవంతం లేకుండా ఇంత వేగంగా జననాలు తగ్గించుకున్న దేశాలు తక్కువ.

ఇప్పుడు సగటు 1.4 చుట్టుపక్కల ఉంది. ఏడాదికి పుట్టేవాళ్ళు 12, 13 వేలు, పోయేవాళ్ళు కూడా ఇంచుమించు అంతే. దాదాపు అయిదుగురిలో ఒకరు 60 దాటినవాళ్ళు. 60 నిండిన ప్రతి ఒక్కరికీ పింఛను అనేది అక్కడ 1950ల నుంచి వస్తున్న హక్కు, దాన్ని మెల్లగా 65కి జరుపుతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించేసరికి జనం వీధుల్లోకొచ్చారు. ఫ్యాక్టరీల్లో, కట్టడాల్లో పనికి బంగ్లాదేశ్, భారత్, నేపాల్, మడగాస్కర్‌ల నుంచి మనుషులొస్తున్నారు. మళ్ళీ బయటి కూలీలే, కాకపోతే వీళ్ళు గడువు అయ్యాక వెళ్ళిపోవాల్సినవాళ్ళు. కూలీల మనవలు పాలిస్తున్న దేశంలో వీళ్ళ వసతి గదులూ, జీతాలూ ఎలా ఉన్నాయన్నది మిగతా దేశాలకంటే గట్టిగా అడగాల్సిన ప్రశ్న అని నా ఉద్దేశం.

ప్రశ్న: రోడ్రిగ్స్‌లో కూడా భారతీయులే ఎక్కువా?

కాదు. ప్రధాన దీవికి తూర్పున 560 కిలోమీటర్ల పైగా దూరంలో ఉన్న ఆ దీవిలో 40 వేల పైచిలుకు జనం, దాదాపు అందరూ క్రియోల్‌లు, కాథలిక్కులు. 2002 నుంచి వాళ్ళకి స్వయంపాలన ఉంది, సొంత ప్రాంతీయ అసెంబ్లీ ఉంది. చెరకు తోటలు అక్కడ లేవు, ఒప్పంద కూలీల ఓడలు అటు వెళ్ళలేదు.