మోటార్ల కార్డులు, డేటాబేస్ లెక్కలు: నర్సంపేటలోని మేనకోడలికి

బిడ్డా,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మీ మోటార్ రిపేరు షాపులో పనిచేసే పిల్లలు ట్రెల్లోకి (ఒక్కో మోటారుకు ఒక కార్డు పెట్టి, పని ఎంతవరకొచ్చిందో దాన్నిబట్టి లిస్టులు మార్చే ఆన్‌లైన్ బోర్డు) అలవాటు పడ్డారు, కార్డులు బాగానే జరుపుతున్నారు. కానీ మీ బాపు "పోయిన యాసంగిల ఎన్ని మోటార్లు వచ్చినయ్, ఒక్కోటి మన దగ్గర ఎన్ని రోజులు పడి ఉంది?" అని అడిగితే నీ దగ్గర జవాబు లేదు. ఉండదు కూడా. బోర్డు మీద కనిపించేది ఇవాళ ఏ మోటార్ ఎక్కడుందన్నదే. పాత లెక్క కావాలంటే ఇంకోచోట రాసి పెట్టుకోవాలి. అందుకు ఆన్‌లైన్‌లో డేటాబేస్ ఇచ్చే సుపాబేస్‌లో ఖాతా తెరిచావు, ట్రెల్లో కార్డుల వివరాలను దానంతట అదే అందులోకి చేర్చే ఎన్8ఎన్ సాఫ్ట్‌వేర్‌ని షాపు కంప్యూటర్‌లో వేసుకున్నావు. రెండూ మంచివే. అప్పుడే ఎన్8ఎన్‌లో నోడ్‌లు, అదే ఒక్కో పనికి ఒక్కో డబ్బా, గీసి తీగలు కలపడం మొదలుపెట్టావని విని, కాస్త ఆగమని చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు ఒక కాగితం తీసుకుని, టేబుల్‌లో ఒక వరుస అంటే ఏంటో ఒక్క వాక్యంలో రాయి. ఒక మోటారా? లేక ఒక మోటార్ రిపేరుకు ఒకసారి రావడమా? దసరాకు వైండింగ్ చేయించుకున్న మోటార్ శివరాత్రికి మళ్లీ కాలిపోయి వస్తుంది. అప్పుడు పిల్లలు ఏం చేస్తారు? "ఇచ్చేసినవి" లిస్టులో ఉన్న పాత కార్డునే గుంజుకొచ్చి "వచ్చినవి"లో పడేస్తారు. నీ లెక్కలో ఆ మోటార్ దసరా నుంచి శివరాత్రి దాకా షాపులోనే పడి ఉన్నట్టు వస్తుంది. నా మాట వింటే, ఒక రాకకు ఒక వరుస. ఇచ్చేసిన కార్డును మళ్లీ ముట్టుకోవద్దు, మోటార్ తిరిగొస్తే కొత్త కార్డు తెరవాలి. ఈ సంగతి ఏ సాఫ్ట్‌వేరూ చూసుకోదు. పిల్లలకు చాయ్ తాగేటప్పుడు నువ్వే చెప్పాలి.

తర్వాత కార్డుకూ వరుసకూ ముడి. కార్డు పేరుతో ముడి వేయకు. ఒకే ఊరి నుంచి ఒకే పేరున్న ఇద్దరు రైతులు ఒకే రోజు 5 హెచ్‌పీ మోటార్లు దించిపోవడం నీకు తెలియనిదా? ట్రెల్లో ప్రతి కార్డుకూ 24 అక్షరాల ఐడీ ఇస్తుంది. పేరు మార్చినా, లిస్టు మార్చినా అది మారదు. టేబుల్‌లో దానికో కాలమ్ పెట్టి ప్రైమరీ కీ (ఒక్కో వరుసను గుర్తుపట్టే, రెండోసారి రాని విలువ) చెయ్యి. ఆ ఐడీలో ఇంకో సుళువు కూడా ఉంది. మొదటి ఎనిమిది అక్షరాలు హెక్సాడెసిమల్‌లో (పదికి బదులు పదహారు గుర్తులతో అంకెలు రాసే పద్ధతి) రాసిన సమయం, 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు. అంటే కార్డు ఎప్పుడు పుట్టిందో ఐడీ నుంచే తీయొచ్చు. మీ బాపు అడిగిన పోయిన యాసంగి లెక్కలో సగం అక్కడే దొరుకుతుంది.

ఈ ముడి విలువ నాకు సిగ్గుపడి తెలిసింది. కొన్నేళ్ల కింద ఇలాంటిదే ఒక షాపుకు చేసిచ్చాను. కార్డు కదిలినప్పుడల్లా టేబుల్‌లో కొత్త వరుస రాసేలా పెట్టాను. నాలుగు లిస్టులు దాటిన మోటార్ నాలుగు మోటార్లయింది. నెలాఖరుకు ఓనర్ బిల్లు పుస్తకం పక్కన పెట్టుకుని నా రిపోర్టు చూశాడు. ఏమీ అనలేదు, చాయ్ తాగించి పంపాడు. తిట్టినా బాగుండేది.

కాబట్టి ఎన్8ఎన్‌లో సుపాబేస్ నోడ్ కనిపించింది కదా అని దాన్నే పట్టుకోకు. నేను వాడినప్పుడు అందులో కొత్త వరుస వేయడం వేరు, ఉన్నదాన్ని మార్చడం వేరు. సుపాబేస్ లోపల ఉన్నది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసే గనక పోస్ట్‌గ్రెస్ నోడ్ పెట్టి, "ఇన్సర్ట్ ఆర్ అప్‌డేట్" ఎంచుకో. ఐడీ టేబుల్‌లో లేకపోతే వరుస వేస్తుంది, ఉంటే దాన్నే సరిచేస్తుంది. పోలిక చూసే కాలమ్‌కు ప్రైమరీ కీ గానీ యునీక్ (ఒకే విలువ రెండుసార్లు రానివ్వని నిబంధన) గానీ లేకపోతే ఎర్రర్ ఇస్తుంది. అడ్రస్ దగ్గర ఒక చిక్కుంది. డేటాబేస్ నేరు అడ్రస్ ఐపీవీ6 (కొత్త తరహా నెట్ అడ్రస్) ఉన్న నెట్‌కే పలుకుతుంది. సుపాబేస్‌లో కనెక్ట్ బటన్ నొక్కితే పూలర్ (మధ్యలో నిలబడి కనెక్షన్లు కలిపేది) అడ్రస్ కూడా చూపిస్తుంది, అది తీసుకుంటే ఏ నెట్ అయినా ఫరవాలేదు.

ఇక వెబ్‌హుక్, అంటే కార్డు కదలగానే ట్రెల్లోనే మనకు కబురు పంపడం. కార్డు కదిలిన క్షణంలోనే డేటాబేస్‌లో పడాలని నీకు సరదాగా ఉంది, మెసేజ్‌లోనే తెలిసింది. మోటార్ షాపుకు ఆ తొందరెందుకు చెప్పు? పైగా షాపు కంప్యూటర్ అడ్రస్ బయటి ప్రపంచానికి తెలియదు, ట్రెల్లో వచ్చి తలుపు కొట్టలేదు. ఏదోలా తెలిసేలా చేశావే అనుకో. జవాబు రాకపోతే ట్రెల్లో 30 సెకన్లకు, తర్వాత 60కి, తర్వాత 120కి మళ్లీ ప్రయత్నించి వదిలేస్తుంది. మొత్తం మూడున్నర నిమిషాలు. నర్సంపేటలో కరెంటు పోతే మూడున్నర నిమిషాల్లో వస్తుందా? ఆ వేళ కదిలిన కార్డుల సమాచారం నీకు ఎప్పటికీ అందదు, అందలేదని కూడా తెలియదు.

దానికి బదులు షెడ్యూల్ ట్రిగ్గర్ పెట్టి అరగంటకోసారి మనమే వెళ్లి అడగడం మేలు. బోర్డులోని కార్డులన్నీ తెచ్చుకో. అడిగేటప్పుడు ఫిల్టర్ "ఆల్" అని ఇవ్వడం మరిచిపోకు, లేకపోతే ఆర్కైవ్ చేసిన కార్డులు రావు, ఇచ్చేసిన మోటార్లే లెక్కలో లేకుండా పోతాయి. ఏ కార్డు ఏ లిస్టు నుంచి ఏ లిస్టుకు ఎప్పుడు వెళ్లిందో కావాలంటే బోర్డు యాక్షన్లు అడగాలి. అది హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ నోడ్‌తో అవుతుంది, ఒక్కసారికి 1000 దాకా ఇస్తుంది. ప్రతిసారీ గడిచిన రెండు రోజులవీ అడిగేసెయ్. వచ్చినవే మళ్లీ వస్తాయని టెన్షన్ పడకు. ఒక్కో యాక్షన్‌కూ సొంత ఐడీ ఉంటుంది. వాటికి వేరే టేబుల్ పెట్టి, ఆ ఐడీని కీ చేసి, ఉన్నవి వదిలేయమని చెబితే కొత్తవే మిగులుతాయి. కరెంటు పోయి సాయంత్రానికి వచ్చినా, మొదటి అరగంటలో లెక్క మళ్లీ సరిపోతుంది. నువ్వు పొరపాటున బటన్ పదిసార్లు నొక్కినా ఏమీ చెడదు.

ఒక్క కార్డులో ఏదో తేడా ఉండి ఎర్రర్ వస్తే వెనక ఉన్న కార్డులన్నీ ఆగిపోతాయి. పాకాల చెరువు నిండినప్పుడు మత్తడి దుంకడం చూశావు కదా, ఆ దారి లేకపోతే నీళ్లు కట్టనే తెంపుతాయి. నోడ్ సెట్టింగుల్లో ఎర్రర్ వస్తే వేరే దారిలో పంపి మిగతావి కొనసాగించే ఎంపిక ఉంది. అది పెట్టి, తేడా కార్డులను విడి టేబుల్‌లో పడెయ్. వారానికోసారి చూస్తే చాలు. చూడటం మాత్రం మానకు.

టైము దగ్గర అందరూ పడతారు, నువ్వూ పడతావు. ట్రెల్లో ఇచ్చే సమయం యూటీసీలో (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం) ఉంటుంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. సీజన్‌లో రైతు తెల్లవారి 5 గంటలకు మోటార్ పట్టుకెళితే అది నిన్నటి తేదీలో పడుతుంది. కాలమ్‌ను టైమ్‌జోన్‌తో ఉండే టైమ్‌స్టాంప్‌గా పెట్టి, రిపోర్టు తీసేటప్పుడు మన టైముకు మార్చుకో. ఇంకొకటి, సొంతంగా వేసుకున్న ఎన్8ఎన్ గడియారం మనం మార్చకపోతే న్యూయార్క్‌ది. మీ బాపుకు రాత్రి 9కి లెక్క పంపాలని పెడితే తెల్లారి ఆరున్నరకు వస్తుంది, అక్కడ చలికాలమైతే ఏడున్నరకు. బావ అసలే పొద్దున్నే కోపిష్టి. టైమ్‌జోన్ సెట్టింగులో ఏషియా/కోల్‌కతా అని ముందే పెట్టు.

చిన్నవి కొన్ని ఉన్నాయి. సెల్ నంబర్‌కు టెక్స్ట్ కాలమ్ పెట్టు. ఇంటీజర్‌లో 214 కోట్లు దాటిన అంకె పట్టదు, మన నంబర్లన్నీ 600 కోట్ల పైమాటే. రైతుల నంబర్లు ఉంటాయి గనక సుపాబేస్‌లో రో లెవెల్ సెక్యూరిటీ (ఏ వరుస ఎవరు చూడొచ్చో నిర్ణయించే తాళం) ఆన్ చెయ్యి. ఎన్8ఎన్ పోస్ట్‌గ్రెస్ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్తుంది కాబట్టి దాని పని ఆగదు. ఉచిత ప్లాన్‌లో వారం రోజులు కదలిక లేకపోతే ప్రాజెక్టును పడుకోబెడతారు, నీ అరగంట పని దాన్ని లేపే ఉంచుతుంది. కానీ ఆ ప్లాన్‌లో బ్యాకప్‌లు ఇవ్వరు. ఆదివారం ఆదివారం ఒక కాపీ సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్) ఫైలుగా పెన్‌డ్రైవ్‌లో తీసిపెట్టుకో. ఆ సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో రెండుసార్లు నొక్కి తెరిస్తే తెలుగు పేర్లు పిచ్చి అక్షరాలుగా కనపడొచ్చు. ఫైలు చెడిపోలేదు. డేటా మెనూ నుంచి యూటీఎఫ్-8 అని చెప్పి తెరువు.

మొదటి వారం అసలు బోర్డు జోలికి పోకుండా, నాలుగు ఉత్తుత్తి కార్డులతో ఇంకో బోర్డు పెట్టి ఆడుకో. కార్డు పేరు మార్చు, ఆర్కైవ్ చెయ్యి, ఒకటి పూర్తిగా డిలీట్ చెయ్యి. డిలీట్ చేసినదాని వరుస టేబుల్‌లో ఏమవ్వాలో అప్పుడు నువ్వే ఆలోచిస్తావు. నేనైతే వరుస తీసేయను, పక్కన గుర్తు పెడతాను.

వచ్చే ఆదివారం హనుమకొండ నుంచి పొద్దున బస్సుకు వస్తాను, అత్త కూడా వస్తానంటోంది. ఈలోపు ఎక్కడైనా ఆగితే ఎర్రర్ స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పెట్టు. పాస్‌వర్డ్ ఉన్న భాగం మాత్రం వేలితో గీసేసి పంపు. పోయినసారి అది కనిపించింది, అందుకే ఇవాళే మార్చెయ్.

నీ మామ,
హనుమకొండ