పని చేతులు మారే చోట

చిరంజీవి మేనల్లుడికి మీ మావయ్య ఆశీస్సులు.

బిల్లుల వివరాలు రాసే ప్రాసెస్ (విడిగా నడిచే ప్రోగ్రాం) ఒకటి, వాటిని పీడీఎఫ్ చేసేది ఇంకొకటి, ఖాతాదారులకు మెయిల్ పంపేది మరొకటిగా విడగొట్టావనీ, దేనికది సవ్యంగానే నడుస్తున్నా కలిపి నడిపితే అప్పుడప్పుడు బిల్లులు గల్లంతవుతున్నాయనీ రాశావు. ప్రాసెస్‌ల లోపల వెతకడం ఆపి, పని ఒకదాని చేతి నుంచి మరొకదాని చేతికి వెళ్లే చోట చూడు.

మొదటి రెండింటి మధ్య ఫోల్డర్ పెట్టావు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆ ఫోల్డరుకు కాపలా కాసే ప్రాసెస్‌కు ఫైలు పేరు కనబడినంత మాత్రాన ఫైలు పూర్తయిందని కాదు, ఇవతలి ప్రాసెస్ ఇంకా రాస్తూనే ఉండవచ్చు. పీడీఎఫ్ అయితే ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక సాధారణంగా ఫైలు చివర ఉంటుంది గనుక, సగం ఫైలు చాలావరకు తెరిచేటప్పుడే పట్టుబడుతుంది. సీఎస్‌వీ, అంటే వివరాలను కామాలతో విడదీసి వరుసలుగా రాసే మామూలు ఫైలు, అలా కాదు, సగంలో తెగినా నిండు ఫైలులాగే బుద్ధిగా చదివించుకుంటుంది. ఒకప్పుడు నేను కట్టిన జీతాల ఏర్పాటులో సరిగ్గా ఇదే జరిగింది: ఉద్యోగుల నంబర్ల వరుసలో పైవారికి జీతం పడింది, కిందివారికి పడలేదు, ప్రోగ్రాం తన పని నమోదు చేసుకునే లాగ్ ఫైలులో మాత్రం ఒక్క తప్పూ లేదు. అప్పటి నుంచి ప్రతి ఫైలు చివర వరుసల లెక్క, మొత్తం సొమ్ము రాయించి, అవి సరిపోతేనే తీసుకోమని అవతలి ప్రాసెస్‌కు కట్టడి పెడుతున్నాను.

సైజు ఐదు సెకన్లపాటు మారకపోతే తీసుకోమనే చిట్కా నీకూ ఎవరో చెప్పే ఉంటారు, దాన్ని నమ్మకు. నెట్‌వర్క్ ఆరు సెకన్లు మొరాయిస్తే చాలు, కథ మళ్లీ మొదటికి వస్తుంది. ఫైలును వేరే ఫోల్డరులో తాత్కాలికంగా రాసి, మూసేశాక, అసలు ఫోల్డరులోకి రీనేమ్ చెయ్యి. లినక్స్‌లో ఒకే ఫైల్ సిస్టమ్ లోపల రీనేమ్ ఒక్క దెబ్బలో జరిగిపోతుంది, మధ్యస్థితి ఎవరికీ కనబడదు. రెండు ఫోల్డర్లూ వేర్వేరు డిస్కుల మీద ఉంటే మాత్రం ఫైలును జరిపే ఎంవీ కమాండు లోలోపల కాపీ చేసి పాతదాన్ని చెరిపేస్తుంది కనుక నీ జాగ్రత్త అంతా వృథా అవుతుంది.

మెయిల్ వైపు పనుల సందేశాలను క్యూలో నిలబెట్టి అందించే రాబిట్‌ఎంక్యూ వాడుతున్నావు కదా, అక్కడ ఆటోమేటిక్ అక్నాలెడ్జ్‌మెంట్ (అందినట్టు రసీదు) పెట్టావేమో చూడు. అలా పెడితే సందేశం పంపగానే అందినట్టే లెక్క వేసుకుని క్యూ దాన్ని మరిచిపోతుంది. సందేశం తీసుకుని పని చేసే ప్రాసెస్, అంటే వర్కర్, ఆ తర్వాత మధ్యలో చచ్చిపోతే బిల్లు కూడా దానితోపాటే పోతుంది. నీ గల్లంతులో సగం ఇక్కడే ఉందని నా అనుమానం. పని పూర్తయ్యాకే అక్నాలెడ్జ్‌మెంట్ ఇప్పించు. సందేశంలో పీడీఎఫ్‌ను కుక్కకు, అది ఎక్కడుందో చెప్పే దారి, ఫైలు మారలేదని సరిచూసుకునే సంఖ్య, అంటే చెక్‌సమ్, పంపితే సరిపోతుంది.

అయితే అప్పుడు ఒకే బిల్లు రెండుసార్లు వచ్చే అవకాశం ఉంటుంది, దానికి సిద్ధపడాలి. రేపు అమెజాన్ వారి క్యూ సేవ ఎస్‌క్యూఎస్‌కు మారినా ఇది తప్పదు: తీసుకున్న సందేశాన్ని అది మామూలుగా 30 సెకన్లే మిగతా వర్కర్లకు కనబడకుండా దాచి ఉంచుతుంది, నీ పనికి నిమిషం పడితే అదే సందేశం మరో వర్కర్‌కు కనబడుతుంది. కాబట్టి బిల్లుకు గుర్తింపు సంఖ్య మొదటి ప్రాసెస్‌లోనే వేసి, మెయిల్ పంపేముందు ఆ సంఖ్యను డేటాబేసులో యునీక్ కాలమ్‌లో (ఒకే విలువను రెండోసారి రానివ్వని గడిలో) రాయించు. అప్పటికే ఉంటే ఆ వరుస పడదు. ఆ వరుస పక్కన ‘మొదలైంది’, ‘పంపబడింది’ అనే స్థితి కూడా ఉండాలి, లేకపోతే రాసిన తర్వాత, పంపకముందు ప్రాసెస్ ఆగితే ఆ బిల్లు ఎప్పటికీ కదలదు. ‘మొదలైంది’ దగ్గరే ఆగినవాటిని మనిషి చూసి తేల్చాలి, మెయిల్ వెళ్లిందో లేదో యంత్రానికి తెలియదు.

పదే పదే విఫలమయ్యే పనులను పక్క క్యూలోకి తోసెయ్యి, దాన్ని రోజూ ఎవరు తెరిచి చూడాలో పేరు పెట్టి నిర్ణయించు.

ఇవన్నీ సరిచేశాక, నిండు పనిలో ఉన్న వర్కర్‌ను ప్రాసెస్‌ను అక్కడికక్కడే ఆపేసే కిల్ మైనస్ నైన్ కమాండుతో చంపి చూడు. ఒక్కొక్క ప్రాసెస్‌ను ఒక్కొక్క దశలో చంపి, వెళ్లిన బిల్లులు, మొదలైన బిల్లులు లెక్క సరిపోయాయో లేదో నాకు రాయి.

ఇట్లు,
మీ మావయ్య