ఇందిర పక్కన పెన్సిల్ రాత

ప్రశ్న: మేడమ్ గారూ, ఈమధ్య పి. శ్రీదేవిగారి నవల ‘కాలాతీత వ్యక్తులు’, కొండపల్లి కోటేశ్వరమ్మగారి ఆత్మకథ ‘నిర్జన వారధి’ ఒకదాని వెంట ఒకటి పూర్తి చేశాను. నవల్లో ఇందిర నాకస్సలు నచ్చలేదు, ఒట్టి స్వార్థం మనిషి. రెండోది చదివి ఏడ్చాను. కానీ కోటేశ్వరమ్మగారు భర్తని నాలుగు మాటలైనా అనకుండా వదిలేశారేమిటా అని ఒళ్ళు మండింది. నేనే తప్పుగా చదివానా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తప్పేముందమ్మా! పాతికేళ్ళ వయసులో నాకూ ఇందిర గిట్టలేదు. మొన్న మళ్ళీ చదివాను, మా ఊరి లైబ్రరీ కాపీ. అట్ట ఊడిపోతే ఎవరో పాత క్యాలెండరు కాగితం అంటించారు. ఇందిర వచ్చే ఒక పేజీలో, అంచున పెన్సిల్‌తో ‘గయ్యాళి’ అని రాసి ఉంది. దాని కిందే నీలం ఇంకుతో, వేరే చేతిరాత: ‘వాళ్ళ నాన్నని నువ్వు పోషిస్తావా?’

ఆ నీలం ఇంకు ఎవరిదోగానీ, దణ్ణం పెట్టాలనిపించింది. సంపాదించేది ఇందిర. తండ్రి ఆనందరావు బరువు మోసేదీ ఆవిడే. మేడమీద గదిలో అద్దెకున్న ప్రకాశం డాక్టరీ చదువుతున్నాడు. మంచివాడే, పెద్దవాళ్ళెవరైనా గట్టిగా గదమాయిస్తే మాత్రం నిలబడలేడు. అలాంటివాణ్ణి పట్టుకుంటే తనూ మునుగుతానని ఇందిరకి తెలిసిపోయింది. చివరికి కృష్ణమూర్తిని చేసుకుంది, వాడి లోపాలన్నీ తెలిసే. దీన్ని స్వార్థమంటే అనండి. అదే పని మగపిల్లాడు చేస్తే మన ఇళ్ళల్లో ‘లౌక్యం తెలిసినవాడు’ అంటాం.

నా ఫిర్యాదల్లా అదే నవల్లోని ఇంకో అమ్మాయి కల్యాణి గురించే. అక్కడికొచ్చేసరికి రచయిత్రి చెయ్యి కాస్త మెత్తబడింది. ఆమెని ఆదుకునే డాక్టర్ చక్రవర్తిలాంటివాళ్ళు నవలల్లో దొరికినంత సులువుగా బయట దొరకరు. అయినా 1957లో ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చిన నవల ఇది. డాక్టర్ పి. శ్రీదేవిగారు రాసిన నవల ఇదొక్కటే. 1961లో, చిన్నవయసులోనే పోయారు. ఇంకో రెండు రాసి ఉంటే ఎలా ఉండేవో అని నాకెప్పుడూ బెంగే. అన్నట్టు, 1963లో దీన్నే ‘చదువుకున్న అమ్మాయిలు’ అని సినిమా తీశారు. అది చూసేసి నవల చదివినట్టే అనుకునేవాళ్ళు మా ఇంట్లోనే ముగ్గురున్నారు.

ఇక ‘నిర్జన వారధి’. కోటేశ్వరమ్మగారు 1918లో పామర్రులో పుట్టారు. బాలవితంతువు. కొండపల్లి సీతారామయ్యగారిని పెళ్ళి చేసుకుని, కమ్యూనిస్టు పార్టీలో పనిచేసి, అజ్ఞాతంలో తిరిగి, తర్వాత ఆయన వదిలి వెళ్ళిపోతే ముప్పై అయిదేళ్ళ వయసులో హైదరాబాదు ఆంధ్ర మహిళా సభలో మెట్రిక్ చదువుకి కూర్చున్నారు. కాకినాడలో ఆడపిల్లల పాలిటెక్నిక్ హాస్టల్‌కి మేట్రన్‌గా చేశారు. కొడుకు పోయాడు, కూతురు పోయింది. ఇదంతా రాసి పుస్తకం తెచ్చేనాటికి, 2012కి, ఆవిడకి తొంభై దాటాయి.

ఆవిడ వదిలేశారని నేననుకోను. ఆయన పెద్దతనంలో జబ్బుపడి చూడాలని కబురంపితే, ముందు ఒప్పుకోలేదని రాసుకున్నారు కదా! అదీ ఒక మాట అన్నట్టే. మనమేమో తిట్లకోసం వెతుక్కుంటూ చదివాం. హాస్టల్ పనీ, పరీక్ష చదువూ, కన్నబిడ్డ చావూ – అన్నీ అదే గొంతుతో చెప్పుకుపోతుంటే, మొదటిసారి నాకూ ‘ఈవిడకి కోపం రాదా’ అనిపించింది. రెండోసారి మేట్రన్ ఉద్యోగం దగ్గర ఆగిపోయాను. పొద్దున్నే లేచి ఊళ్ళోవాళ్ళ పిల్లల తిండీ తిప్పలూ చూడాల్సిన మనిషి, రాత్రి గదిలో కూర్చుని ఎవరిమీద అరుస్తుంది? ఒక్క ఇబ్బంది మాత్రం ఒప్పుకుంటాను. పార్టీ రోజుల భాగంలో పేర్లు గుంపులుగా వచ్చిపడతాయి. ఎవరెవరో గుర్తులేక నాలుగైదుసార్లు వెనక్కి తిప్పుకోవాల్సొచ్చింది.

ప్రశ్న: ఆత్మకథల్లో రాసిందంతా నిజమేనంటారా?
– ఒక రిటైర్డ్ గుమాస్తా, రాజమండ్రి

జవాబు: మీ పెళ్ళి ముచ్చట మీరు చెప్పేదీ, మీ ఆవిడ చెప్పేదీ ఎప్పుడైనా పక్కపక్కన పెట్టి చూశారా బాబుగారూ? శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ నాకు ప్రాణం. వైదిక కుటుంబంలో పుట్టి, సంస్కృతం కాదని తెలుగు పట్టుకున్న మనిషి. ఎప్పటివో సంభాషణలు మాటకి మాట అప్పజెప్పినట్టు రాస్తారు. అంత జ్ఞాపకం ఎవరికుంటుంది? కానీ ఆ గోదావరి పలుకుబడి మాత్రం కల్పించేది కాదు. నేను దానికోసం చదువుతాను.

ప్రశ్న: మీ పుస్తకాలు ఎరువిస్తారా?
– ఒక డిగ్రీ విద్యార్థి, నల్గొండ

జవాబు: ఇవ్వను నాయనా. నా మొదటి ‘నిర్జన వారధి’ మా ఆడపడుచు తీసుకెళ్ళి రెండేళ్ళయింది. అడిగినప్పుడల్లా ‘సగంలో ఉన్నానొదినా’ అంటుంది. ఇప్పుడున్నది విజయవాడ పుస్తక ప్రదర్శనలో మళ్ళీ కొన్నది.