ఫోరెన్సిక్ సైన్స్ తీసుకుంటే హైస్కూల్ డిప్లొమాకి లెక్కలోకి వస్తుందా?

డాలస్ దగ్గరుండే ఒకావిడ అడిగారు. వాళ్ళమ్మాయి టెన్త్ గ్రేడ్, వచ్చే ఏడాదికి ఫోరెన్సిక్ సైన్స్, ఫ్లోరల్ డిజైన్ పెట్టుకుంటానంటోందట, ఇవి సీటీఈ (కెరీర్ అండ్ టెక్నికల్ ఎడ్యుకేషన్, అంటే వృత్తివిద్య) కోర్సులు కదా, మన ఇంటర్ వొకేషనల్ లాంటివే కదా, తీరా చదివాక హైస్కూల్ గ్రాడ్యుయేషన్‌కి పనికిరావంటే ఏం చెయ్యాలి అని.

ముందు ఆ ఇంటర్‌తో పోలిక మానేయండమ్మా. మన దగ్గర వొకేషనల్ అంటే గ్రూపే వేరు, ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) రాయాలంటే మళ్ళీ బ్రిడ్జ్ కోర్సు పాసవ్వాలి. టెక్సస్‌లో అలా కాదు, ప్రీకాల్‌కులస్ క్లాసులోంచి లేచి వెల్డింగ్ షాపుకి పోయే పిల్లలు బోలెడుమంది. 2013లో హౌస్ బిల్ 5 అనే టెక్సస్ చట్టం వచ్చాక హైస్కూల్ పాసవ్వడానికి బేసిక్ ప్లాన్‌కి 22 క్రెడిట్లు, ఎండార్స్‌మెంట్‌తో (పిల్లలు ఎంచుకున్న ఒక రంగానికి సంబంధించిన కోర్సుల వరస) కలిపి 26, అందులో సీటీఈ కోర్సులు ఎలెక్టివ్‌లుగానే కాదు, కొన్ని మెయిన్ సబ్జెక్టుల బదులు కూడా చెల్లుతాయి.

మీ అమ్మాయి అడిగినవి సరిగ్గా అలాంటివే. ఫోరెన్సిక్ సైన్స్ బయాలజీ, కెమిస్ట్రీ అయ్యాక తీసుకుంటారు, సైన్స్ క్రెడిట్ కిందే పడుతుంది. ఫ్లోరల్ డిజైన్ ఫైన్ ఆర్ట్స్ కింద పోతుంది, అవునండీ, పూల బొకేలు కట్టే క్లాసే, బ్యాండూ ఆర్కెస్ట్రా పడని పిల్లలకి అదో పెద్ద రిలీఫ్. అలాగే అకౌంటింగ్ టూ మ్యాథ్స్ కింద వస్తుంది, కంప్యూటర్ సైన్స్ రెండు క్రెడిట్లు చేస్తే ఫారిన్ లాంగ్వేజ్ బదులు తీసుకుంటారు. ఈ చివరిది మాత్రం చూసుకోండి, డిప్లొమాకి సరిపోతుంది గానీ రేపు యూసీ బర్కిలీ లాంటి చోటికి అప్లై చేస్తానంటే వాళ్ళు రెండేళ్ళ లాంగ్వేజ్ అడుగుతారు, అక్కడ కోడింగ్ చెల్లదు.

అసలు చిక్కు డిప్లొమా దగ్గర కాదు, కాలేజీ దగ్గర. స్కూల్ ర్యాంకులో టాప్ 10 పర్సెంట్‌లో ఉన్నవాళ్ళకి టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీలిచ్చే ఆటోమేటిక్ అడ్మిషన్ (యూటీ ఆస్టిన్‌కైతే 2026 ఫాల్ నుంచి టాప్ 5) కావాలంటే డిప్లొమాలో డిస్టింగ్విష్డ్ లెవెల్ ఉండాలి, అంటే ఆల్జీబ్రా టూతో కలిపి నాలుగు మ్యాథ్స్, నాలుగు సైన్సులు, ఒక ఎండార్స్‌మెంట్. మీ అమ్మాయికి ఇంజనీరింగ్ ఆలోచన ఏ మూలన ఉన్నా ఫిజిక్స్ ఉంచుకుని ఫోరెన్సిక్‌ని నాలుగో సైన్స్‌గా పెట్టుకోమనండి, ఫిజిక్స్ తీసేసి దాని ప్లేస్‌లో ఇది వద్దు, రూల్ ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. ఇంకోటి జీపీఏ (గ్రేడ్ల సగటు), చాలా సీటీఈ కోర్సులకి మామూలు వెయిటేజీయే, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) క్లాసులకిచ్చినంత ఉండదు, మనవాళ్ళు ర్యాంకు కోసం కొట్టుకునే స్కూల్లో అదీ తేడా కొడుతుంది, డిస్ట్రిక్ట్‌ని బట్టి మారుతుంది కాబట్టి కోర్స్ గైడ్‌లో వెతకండి, ఏ కోర్సు ఏ క్రెడిట్ కింద వస్తుందో కూడా అందులోనే ఉంటుంది.

కౌన్సెలర్‌ని కలిసినప్పుడు "ఇది కౌంట్ అవుతుందా" అని ఊరుకోకండి, "మా అమ్మాయి ప్లాన్‌లో ఏ సబ్జెక్ట్ కింద వేస్తున్నారు" అని అడిగి ప్రింట్ తీసుకోండి. చాలా స్కూళ్ళలో కోర్స్ సెలక్షన్ స్ప్రింగ్‌లోనే అయిపోతుంది, ఆగస్టులో పరిగెత్తితే సీట్లుండవు.