కారు స్టేషన్‌లో, కిస్తీ బ్యాంకులో, చేతిలో నాలుగు వేలు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, నెలకు చేతికి 74,000 రూపాయలు వస్తాయి. తొమ్మిది రోజుల క్రితం రాత్రి విందు నుంచి ఒక్కడినే కారు నడుపుకుంటూ వస్తుంటే పోలీసులు ఆపారు. బ్రీత్ అనలైజర్‌లో 78 చూపించింది. కేసు రాసి కారును స్టేషన్‌కు తరలించారు. సహోద్యోగి పరిచయం చేసిన ఒకాయన 25,000 ఇస్తే విడిపిస్తానన్నాడు. 10,000 తీసుకున్నాడు, కారు మాత్రం రాలేదు. ఆ డబ్బు కోసం ఫోనులో ఒక యాప్ నుంచి 30,000 అప్పు చేశాను. చేతికి 24,600 వచ్చింది, పదిహేను రోజుల్లో 30,000 కట్టాలి. మిగిలిన డబ్బు వకీలు అడ్వాన్సుకు, క్యాబ్‌లకు అయిపోయింది. కారు బీమా నలభై రోజుల క్రితమే ముగిసిందని ఇప్పుడు చూసుకున్నాను. అద్దె 16,000, కారు కిస్తీ 14,200, ఇంటి ఖర్చు 22,000, ఫండ్లలో నెలనెలా పెట్టే సిప్‌లు 15,000. ఫండ్లలో 3,40,000 ఉన్నాయి, అందులో 80,000 పన్ను ఆదా ఫండులో. బ్యాంకు ఖాతాలో 4,300 ఉంది. లక్షన్నర వ్యక్తిగత రుణం తీసుకుని అన్నీ తీర్చేసి, మిగిలింది అత్యవసర నిధిగా పెట్టుకుందామనుకుంటున్నాను. నా శ్రీమతికి కారు షెడ్డులో ఉందని చెప్పాను. నేను చేస్తున్నది సరైనదేనా?

జవాబు: కాదు. అప్పు తెచ్చి అత్యవసర నిధి పెట్టుకోవడం కొరివితో తల గోక్కోవడమే. ఆ రుణం ఆలోచన ఈ రోజే వదిలేయండి.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఆ రాత్రి జరిగిన సంఘటన కాదు, 4,300 అనే అంకె. నెలకు 15,000 క్రమం తప్పకుండా మదుపు చేసే మనిషి ఖాతాలో ఒక్క వారం గడవడానికి సరిపడే డబ్బు లేదు. నా దగ్గరకు వచ్చే యువ ఉద్యోగుల్లో ఈ పొరపాటు చేయనివారు అరుదు. సిప్ తేదీ, కిస్తీ తేదీ కంఠతా వస్తాయి. అర్ధరాత్రి పోలీస్ స్టేషన్‌లోనో ఆసుపత్రిలోనో యాభై వేలు కావాల్సివస్తే ఎక్కడి నుంచి తీయాలో మాత్రం తెలియదు. అప్పుడు చేయి ఫోను మీదికి పోతుంది, యాప్ తెరుచుకుంటుంది.

ఆ యాప్ లెక్క మన భాషలో చూడండి. మీ చేతికి వచ్చింది 24,600, పదిహేను రోజులకు మీరు కట్టేది 5,400 అదనం. అంటే నూటికి నెలకు దాదాపు నలభై నాలుగు రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా అయిదు రూపాయల వడ్డీ అడిగితే రక్తం పీలుస్తున్నాడంటాం. నలభై నాలుగు రూపాయలకు మాత్రం వేలితో ఒక్కసారి నొక్కి ఒప్పుకున్నారు. ప్రాసెసింగ్ రుసుము అని పేరు మార్చినంత మాత్రాన అది వడ్డీ కాకుండా పోదు. పదిహేను రోజుల్లో మొత్తం తిరిగి కట్టమనే యాప్‌ను చూడగానే ఫోనులోంచి తీసేయాలి. రిజర్వు బ్యాంకు 2022 నుంచి అమలు చేస్తున్న నిబంధనల ప్రకారం, అప్పు ఇస్తున్న బ్యాంకు లేదా ఆర్థిక సంస్థ పేరు మీకు తెలియాలి, మొత్తం వార్షిక భారం ముందే ఒక పత్రంలో చూపించాలి, మీ ఫోనులోని పరిచయస్తుల నంబర్ల జోలికి రాకూడదు. ఇవి పాటించని యాప్ నుంచి బెదిరింపు ఫోన్లు వస్తే సైబర్ నేరాల నంబరు 1930కి ఫిర్యాదు చేయండి, రిజర్వు బ్యాంకు సచేత్ పోర్టల్‌లోనూ నమోదు చేయండి. అయినా గడువుకు ఇంకా ఆరు రోజులుంది. ఆలోగా తీర్చేసి, అప్పు ముగిసిందన్న రసీదు తీసుకుని దాచుకోండి.

ఇక కారు. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే, ఎందుకంటే దళారికి ఇచ్చిన ఆ పది వేలు అసలు ఇవ్వాల్సిన డబ్బే కాదు. తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో ఈ విషయంలో స్పష్టమైన ఆదేశాలిచ్చింది. నడిపేవారు తాగి ఉన్నారన్న ఒక్క కారణంతో పోలీసులు వాహనాన్ని తమ దగ్గర ఉంచుకోకూడదు. పక్కన తాగని వ్యక్తి, లైసెన్సుతో, ఉంటే ఆయనకు ఇవ్వాలి. లేకపోతే బంధువుకో మిత్రుడికో ఫోను చేయించి వారికి అప్పగించాలి. ఎవరూ రాకపోతేనే దాన్ని స్టేషన్‌కో మరో సురక్షిత స్థలానికో తరలించాలి. తరువాత యజమానిగానీ ఆయన అధికారం ఇచ్చిన వ్యక్తిగానీ ఆర్‌సీ, గుర్తింపు పత్రం, లైసెన్సు చూపిస్తే ఇచ్చేయాలి. కేసు నడపాలంటే వాహనం పట్టుకున్న మూడు రోజుల్లో ఛార్జిషీటు వేయాలి. మీ శ్రీమతికి లైసెన్సు ఉంటే, ఆ రాత్రి ఒక్క ఫోనుతో పైసా ఖర్చు లేకుండా కారు ఇంటికి వచ్చేది. సిగ్గుపడి చేయలేదని అర్థమవుతోంది. ఆ మొహమాటానికి మీరు ఇంతవరకు చెల్లించిన వెల దళారికి పది వేలు, యాప్‌కు 5,400.

కాబట్టి మిగిలిన పదిహేను వేలు ఆ మనిషికి ఇవ్వకండి. ఆర్‌సీ, లైసెన్సు, ఆధార్ తీసుకుని లైసెన్సున్న బంధువుతో కలిసి స్టేషన్‌కు వెళ్లి, కారు ఇవ్వాలని రాతపూర్వకంగా అడగండి. అర్జీ నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. కాగితం ప్రతులు దొరక్కపోతే డిజిలాకర్‌లోని ఆర్‌సీ, లైసెన్సు చెల్లుతాయి. అయినా ఇవ్వకపోతే మీ వకీలు మేజిస్ట్రేటు కోర్టులో కారు మధ్యంతర అప్పగింత కోసం దరఖాస్తు వేస్తారు. దీనికి ఆధారం పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 451, 457 సెక్షన్లు, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి నాగరిక్ సురక్ష సంహితలో 497, 503. పూచీకత్తు బాండు రాసి కారు తెచ్చుకోవచ్చు. పట్టుకున్న వాహనాలను స్టేషన్ ఆవరణల్లో నెలల తరబడి ఎండకు వానకు వదిలేయవద్దని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. నేను చెప్పిన హైకోర్టు ఆదేశాలు తెలంగాణకు సంబంధించినవి. ఆంధ్రప్రదేశ్ పాఠకులకు స్టేషన్‌లో పని జరగకపోతే ఈ మేజిస్ట్రేటు దారే ఉంది.

ఒక జాగ్రత్త. బీమా లేని కారును స్టేషన్ నుంచి నడుపుకుంటూ బయటికి తేకండి. ముందుగా, ఇతరులకు జరిగే నష్టానికి వర్తించే థర్డ్ పార్టీ పాలసీ కొనండి. సొంత నష్టం పాలసీకి కంపెనీవారు కారును తనిఖీ చేస్తారు కాబట్టి కారు ఇంటికి చేరిన వెంటనే ఆ పని చూడండి. పాలసీ ముగిసి తొంభై రోజులు దాటితే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇన్నేళ్లుగా పేరుకున్న తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, పోతుంది. మీకు ఇంకా యాభై రోజులున్నాయి.

ఈ మాట రాయడానికి నాకు చేయి ఆడడం లేదు, కానీ రాయాలి. ఆ రాత్రి పోలీసులు ఆపకుండా, మీ కారు రోడ్డు దాటుతున్న ఎవరినైనా ఢీకొని ఉంటే? తాగి నడిపినప్పుడు సొంత కారుకు జరిగిన నష్టాన్ని బీమా కంపెనీ చెల్లించదు. ఆ షరతును సుప్రీంకోర్టు 2021లోనూ సమర్థించింది. యజమానికి ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా మత్తులో ఉన్నప్పుడు పని చేయదు. బాధితుల పరిహారం విషయంలో కూడా 2019 సవరణ తరువాత, తాగి నడపడం పాలసీ షరతు ఉల్లంఘన అని కంపెనీ వాదించవచ్చు, బాధితులకు చెల్లించినా ఆ సొమ్ము యజమాని నుంచి రాబట్టుకోవచ్చు. మీకైతే ఆ రోజు పాలసీయే లేదు. చనిపోయినవారి వయసు, సంపాదన, వారిపై ఆధారపడినవారి సంఖ్య చూసి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ నిర్ణయించే పరిహారం లక్షల్లో ఉంటుంది, ఒక్కోసారి కోటి దాటుతుంది. అది మొత్తం మీ జీతం, మీ ఫండ్లు, మీరు కొనబోయే ఇల్లు తీర్చాలి. అవతలి కుటుంబానికి పోయిన మనిషిని ఏ సొమ్మూ తీసుకురాలేదు. విందుకు వెళ్లే రాత్రి క్యాబ్ ఖర్చు మూడు నాలుగు వందలు. దాన్ని మీ నెలసరి ఖర్చుల్లో ఒక వరుసగా రాసుకోండి.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మీ ఫండ్లలో, గడువు ముగిసేదాకా తీయలేని పన్ను ఆదా ఫండు తీసేస్తే 2,60,000 ఉన్నాయి. అందులోంచి లక్షా పది వేలు ఈ రోజే వెనక్కి తీసుకోండి. ఈక్విటీ ఫండు డబ్బు రెండు పనిదినాల్లో ఖాతాలో పడుతుంది, యాప్ గడువుకు సరిపోతుంది. ఏడాది నిండిన యూనిట్లు ముందు తీయండి, తొందరగా తీస్తే పడే రుసుము, అంటే ఎగ్జిట్ లోడ్, తప్పుతుంది. అందులో 30,000 యాప్‌కు. 12,000 జరిమానాల కోసం పక్కన పెట్టండి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటి తప్పుకు పది వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ విధించవచ్చు. వంద మిల్లీలీటర్ల రక్తంలో మద్యం పరిమితి 30 మిల్లీగ్రాములు, మీది 78. బీమా లేకుండా నడిపినందుకు మరో రెండు వేలు. పాలసీకి 5,000, వకీలుకు ఇంకో 8,000 అనుకుందాం. మొత్తం 55,000. మిగిలిన 55,000 మీ అత్యవసర నిధికి మొదటి ఇటుక.

మార్కెట్ తగ్గి ఉంటే నష్టంలో అమ్మాలా అని మీకు సందేహం రావచ్చు. నూటికి నలభై నాలుగు రూపాయల వడ్డీని దాటి లాభమిచ్చే ఫండు ప్రపంచంలో లేదు, అమ్మండి. మీ శ్రీమతి నగలు తాకట్టు పెట్టవద్దు, ఆమెకు తెలియకుండా అసలే వద్దు. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే రుసుముతో పాటు మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఆఫీసులో జీతం అడ్వాన్సు, అన్నదమ్ముల దగ్గర చేబదులు ఈ రెండింటికంటే మేలు, కానీ మీకు వాటి అవసరం లేదు.

ఇప్పుడు నిధి సంగతి. మీ అద్దె, కిస్తీ, ఇంటి ఖర్చు కలిపితే నెలకు 52,200. ఆరు నెలలకు 3,13,200. మూడు నెలలది చాలదా అని అడుగుతారు. చాలదు. ఈ కేసులో లైసెన్సు కొన్ని నెలలు సస్పెండ్ కావచ్చు, రోజూ క్యాబ్ ఎక్కాలి. కోర్టు వాయిదాలకు సెలవులు పెట్టాలి. కొద్ది రోజులైనా జైలు శిక్ష పడితే ఉద్యోగమే ప్రశ్నార్థకం కావచ్చు. కారు స్టేషన్‌లో ఉన్నా కిస్తీ మాత్రం అయిదో తారీకున తెగుతూనే ఉంటుంది. అందుకే సిప్‌ను వచ్చే నెల నుంచి 3,000కు తగ్గించి, 12,000 ఈ నిధికి మళ్లించండి. ఇప్పటి 55,000 మీద దాదాపు ఇరవై రెండు నెలల్లో నిండుతుంది. అంతవరకు కొత్త ఫండు, కొత్త ఫోను, కొత్త కిస్తీ ఏదీ వద్దు. రెండేళ్ల సిప్ తగ్గితే పదవీ విరమణ పాడైపోదు. ఇంకో యాప్ అప్పు చేస్తే మాత్రం పాడవుతుంది.

నిధి పెట్టే చోటు కూడా ముఖ్యమే. జీతం పడే బ్యాంకులో వద్దు, కనిపిస్తే ఖర్చైపోతుంది. వేరే బ్యాంకులో పొదుపు ఖాతా తెరిచి, యూపీఐకి కలపకుండా అక్కడ యాభై వేలు ఉంచండి. పైన చేరేదాన్ని, పొదుపు ఖాతాకే ముడిపడి ఉండే స్వీప్ డిపాజిట్‌గానో, తక్కువ గడువు రుణపత్రాల్లో పెట్టే లిక్విడ్ ఫండుగానో పెట్టండి. లిక్విడ్ ఫండులో తక్షణ ఉపసంహరణ సౌకర్యం ఉంటే రోజుకు యాభై వేల వరకు నిమిషాల్లో వస్తుంది.

ఆ ఖాతా మీ ఒక్కరి పేరు మీద తెరవకండి. మీరు స్టేషన్‌లో కూర్చున్న రాత్రి, రేపు మీరే ఆసుపత్రి మంచం మీద ఉంటే ఆ రాత్రి, బయట డబ్బు తేవాల్సింది మీ శ్రీమతి. ఆమె తీయలేని డబ్బు అత్యవసర నిధి కాదు. ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా జాయింటు ఖాతా ఉండాలి.

దీనికి ముందు షెడ్డు కథ ముగించాలి. హైదరాబాద్‌లో ఈ కేసుల్లో కోర్టుకు ముందు గోషామహల్ లేదా బేగంపేట ట్రాఫిక్ శిక్షణ సంస్థలో జరిగే కౌన్సెలింగ్‌కు కుటుంబ సభ్యులను వెంట తెమ్మంటారు. అక్కడ ఎవరో చెబితే తెలిసేకంటే ఈ రాత్రి మీరే చెప్పండి. కౌన్సెలింగ్ ముగిశాక ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్లి ఆ ఖాతా తెరవండి, ఆర్‌సీ, బీమా పత్రం ఎక్కడున్నాయో ఆమెకు చూపించండి. ఆమెకు లైసెన్సు ఉంటే స్టేషన్ నుంచి కారును ఇంటికి ఆమెనే నడపనివ్వండి.