నాన్న జబ్బేంటో తేలడం లేదు, అనంతపురం నుంచి ఎక్కడికి తీసుకెళ్లాలి?

ఆరు నెలలుగా నాన్నకు నడక తడబడుతోంది, మతిమరుపు పెరిగింది, ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు చెప్పారని రాశారు కదా, ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. మా అమ్మకూ ఇలాగే అయింది. గడప దగ్గరికి రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయేది. పార్కిన్సన్స్ (కదలికలు మందగించే మెదడు జబ్బు) అన్నారు, ఏడాది పాటు మాత్రలు మింగినా గుణం కనపడలేదు.

ముందు ఏది ఎప్పుడు మొదలైందో తేదీలతో రాసుకోండి, నడకను ఫోన్‌లో వీడియో తీయండి, ఎందుకంటే డాక్టర్ ముందు ఉండే ఆ ఐదు నిమిషాల్లో చాలామంది బాగానే నడుస్తారు. బీ12, థైరాయిడ్ పరీక్షలు తప్పకుండా చేయించండి, ఇవి తగ్గినా మతి మందగిస్తుంది, బీ12 తగ్గితే నడక కూడా దెబ్బతింటుంది.

ఇంకో మాట, మూత్రం ఆపుకోలేకపోతున్నారా? పెద్దవాళ్లు సిగ్గుపడి చెప్పరు, మా అమ్మ తడిసిన చీర మంచం కింద దాచిపెట్టేది. నడక, మతిమరుపు, మూత్రం మూడూ కలిస్తే మెదడులో నీరు చేరే జబ్బు, అంటే నార్మల్ ప్రెషర్ హైడ్రోసెఫలస్ ఉందేమో అడగండి. ఎమ్మారైలో మెదడు లోపలి గదులు పెద్దవిగా కనిపిస్తాయి, నడుము దగ్గర సూదితో 30-50 మి.లీ. నీరు తీసి, తీయకముందు, తీశాక నడక ఎలా ఉందో చూస్తారు, మెరుగైతే షంట్, అంటే ఎక్కువైన ఆ నీటిని పొట్టలోకి మళ్లించే సన్నని గొట్టం వేస్తారు.

కర్నూలు పెద్దాసుపత్రిలో న్యూరాలజీ (మెదడు, నరాల జబ్బులు చూసే) విభాగం ఉంది. అక్కడా తేలకపోతే బెంగళూరులో మెదడు, నరాల, మానసిక జబ్బులకు వైద్యం చేసే నిమ్హాన్స్ ఆసుపత్రికి వెళ్లండి, అనంతపురం నుంచి సుమారు 210 కిలోమీటర్లు. రిపోర్టు కాగితాలే కాదు, పాత స్కాన్ ఫిల్ములన్నీ వెంట పెట్టుకోండి.